పాత డైరెక్ట్ డ్రైవ్ ప్లేయర్‌కి సొంత కంట్రోలర్ కట్టా, తంబుర ఊగుతోంది

కువైట్‌పెట్టె:

అందరికీ నమస్కారం. మా మామగారు 1981లో కువైట్ నుంచి మోసుకొచ్చిన జపాన్ రికార్డు ప్లేయరు ఇది. బెల్టు లేదు, మోటారు ఇరుసే పళ్ళెం ఇరుసు. రెండేళ్ళ కింద కంట్రోల్ ఐసీ పోయింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఐసీ మీద నంబరు గోరుతో గీకితే ఊడొచ్చింది, కింద ఇంకేదో నంబరు. ఇరవై రెండేళ్ళు టీవీలు బాగుచేసినవాణ్ణి, నాకే టోపీ పెట్టారు! ఇక ఐసీ గొడవే వద్దని కంట్రోలరే కొత్తగా కట్టా. పాత బోర్డు అట్టపెట్టెలో భద్రంగా ఉంది, ఒక్క తీగ కూడా కొయ్యలేదు.

మోటార్లో మూడు కాయిల్స్, స్టార్ కనెక్షన్. ఒక కాయిల్‌కి స్కోప్ (వోల్టేజ్ అలల్ని తెర మీద చూపేది) పెట్టి పళ్ళాన్ని చేత్తో ఒక్క చుట్టు తిప్పితే ఎనిమిది సైన్ వేవ్‌లు లెక్కకొచ్చాయి. 33⅓ స్పీడులో చుట్టుకి 1.8 సెకన్లు కాబట్టి 4.44 హెర్ట్జ్ కావాలి, 45కి సరిగ్గా 6. ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులో సైన్ వేవ్ అంకెల పట్టిక పెట్టి (కోడు రాయడం మా అమ్మాయి నేర్పింది, తప్పులు మాత్రం నావే) 120 డిగ్రీల తేడాతో మూడు సిగ్నళ్ళు తీసి, హైదరాబాద్ కోటి గుజరాతీ గల్లీలో కొన్న మూడు టీడీఏ2030 ఆడియో ఆంప్‌లకి ఇచ్చా. కరెంటుని వేగంగా ఆన్-ఆఫ్ చేసే పీడబ్ల్యూఎం డ్రైవర్ బోర్డులు చవకే గానీ, సూది ఉండే కార్ట్రిడ్జ్ ఇచ్చే నాలుగైదు మిల్లీవోల్టుల పక్కనే ఆ చప్పుడు ఎందుకని పెట్టలేదు.

మొదటి రోజు కదల్లేదు. డేటాషీట్ సర్క్యూట్ మక్కీకి మక్కీ దించడమే తప్పు. ఫీడ్‌బ్యాక్‌లో 680 ఓమ్స్‌కి సిరీస్‌లో 22 మైక్రోఫారడ్ ఉంటుంది, 10.6 హెర్ట్జ్ కింద గెయిన్ (ఆంప్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) పడిపోతుంది. పాటకి సరే. మోటారు బయలుదేరేటప్పుడు అర హెర్ట్జ్ దగ్గర ఇంకేం మిగులుతుంది? ఆ కెపాసిటర్ షార్ట్ చేసి, అవుట్‌పుట్‌లో వచ్చే డీసీ ఆఫ్‌సెట్‌ని సరిదిద్దడానికి ఒక్కో ప్రీసెట్ (తిప్పి సర్దుకునే రెసిస్టరు) పెడితే తిరిగింది.

ఇప్పుడు రెండు బాధలు. 3150 హెర్ట్జ్ టెస్ట్ రికార్డు పెడితే ఫోన్ యాప్‌లో సగటున 3138 వస్తోంది. రెండోది, కచేరీ ఎల్పీ పెడితే పాట బాగానే ఉంది, వెనక తంబుర శ్రుతి పైకీ కిందికీ ఊయలూగుతోంది. స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కపెడితే పది ఊపులకి పదిహేడున్నర సెకన్లు. చుట్టుకి 1.8 కదా, పది చుట్లకి 18, దగ్గరే ఉందని రికార్డు చిల్లు పక్కకి ఉందనుకున్నా. ఇంకో రెండు రికార్డులు మార్చినా అదే తంతు. మోటారు వేడెక్కుతోందని వోల్టేజ్ సగానికి తగ్గించి నడుపుతున్నా, అది కూడా చెప్పాలి కదా.

గీతలడిస్క్:

అన్నా, ముందు స్ట్రోబ్ డిస్క్ పెట్టి చూడు. మన 50 హెర్ట్జ్ కరెంటుకి 180 గీతలది, స్పీడు సరిగ్గా ఉంటే దీపం కింద గీతలు నిలబడినట్టు కనపడతాయి. ఎల్ఈడీ బల్బు కింద సరిగా కనపడదు, పాత నియాన్ దీపం కావాలి. ఊపు పోవాలంటే ఇరుసు కింద ఏఎస్5600 మాగ్నెటిక్ సెన్సర్ పెట్టి స్పీడు చూసుకుంటూ నడుపు, చుట్టుకి 4096 మెట్లు ఇస్తుంది.

శ్రుతిపెట్టె:

స్ట్రోబ్‌తో ఇంత సన్నని తేడా తేలదు. మన గ్రిడ్‌కి అనుమతించిన హద్దే 49.90 నుంచి 50.05 హెర్ట్జ్, అంటే కింది వైపు 0.2 శాతం అక్కడే పోయింది. 45 స్పీడుకైతే 133⅓ గీతలు కావాలి, మూడో వంతు గీత ఎవరు గీస్తారు, 133తో సరిపెడతారు. ఇక ఏఎస్5600 రోబో చేతికి బాగుంటుంది. అది చూపే కోణంలో డిగ్రీ దాకా తప్పుండొచ్చు, ఆ తప్పు ప్రతి చుట్టులో అదే చోట వస్తుంది. దాన్ని నమ్మి స్పీడు దిద్దితే లేని ఊపుని మీరే పుట్టించినట్టు.

పెట్టె గారూ, 3138 సంగతి తేలిక. ఊనోలో ప్రధాన చిప్‌కి కచ్చితంగా టైము చూపే క్వార్ట్జ్ క్రిస్టల్ లేదు, అంత కచ్చితం కాని సిరామిక్ రెసొనేటర్ ఉంది, అర శాతం దాకా తేడా ఉండొచ్చు. మీది 0.38. కోడులో అంకె మార్చి సరిచేస్తే ఎండాకాలం మళ్ళీ మార్చాలి. క్రిస్టల్ ఉన్న బోర్డు కొనండి. టెక్నిక్స్ వాళ్ళు 1970లో ఎస్పీ-10 డైరెక్ట్ డ్రైవ్ ప్లేయరు తెచ్చి, 1975లో దాని మార్క్ 2కి క్వార్ట్జ్ పెట్టింది కూడా ఇందుకే.

ఊపుకి ఒక ప్రశ్న: టోన్ఆర్మ్ (సూదిని మోసే చెయ్యి) ఊగుతోందా? చిల్లు అర మిల్లీమీటరు పక్కకి ఉంటే, సూది 100 మిల్లీమీటర్ల దగ్గరున్నప్పుడు స్పీడు అటూ ఇటూ అర శాతం మారుతుంది, కానీ ఆర్మ్ కూడా ఒక మిల్లీమీటరు మేర కదులుతూ కంటికి కనపడాలి. ఇంకో పని చెయ్యండి. వోల్టేజ్ మళ్ళీ పూర్తిగా పెంచి పది ఊపులు లెక్కపెట్టండి.

కువైట్‌పెట్టె:

ఆర్మ్ కదలట్లేదు. వోల్టేజ్ పెంచితే పది ఊపులకి పన్నెండున్నర!! ఇదేం మాయ?

శ్రుతిపెట్టె:

మాయ కాదు. తిరిగే అయస్కాంత క్షేత్రం ముందు నడుస్తుంటే పళ్ళెం రబ్బరు తాడుకి కట్టిన ఎద్దులా వెనక వస్తోంది. వోల్టేజ్ సగం చేస్తే తాడు సగం వదులు, ఊపు 1.4 రెట్లు నిదానం. 12.5 ని 1.4 తో గుణించి చూడండి. సరిగ్గా 18 పక్కన పడి మిమ్మల్ని రికార్డు మీదికి తోసింది, అంతే.

మీ పళ్ళెం కింద బోర్డు మీద అచ్చేసిన వంకరటింకర ముద్ర కాయిల్ ఒకటి ఉండాలి, స్పీడు చెప్పేది. దాన్ని చదవండి. అది చుట్టూరా ఒకేసారి చదువుతుంది కాబట్టి ఒక చోటి తప్పు సగటులో కొట్టుకుపోతుంది. ఫ్రీక్వెన్సీ మాత్రం ముట్టుకోవద్దు, అది క్రిస్టల్ చేతిలోనే ఉండాలి. పళ్ళెం జోరు చేస్తుంటే ఫేజ్‌ని కాస్త వెనక్కి లాగండి, వెనకబడితే ముందుకి జరపండి. జోరు ఎంత ఉంటే అంత. గెయిన్ అత్యాశకి పోతే మోటారే గొణుగుతుంది, విని ఆపెయ్యండి.

కువైట్‌పెట్టె:

నాలుగు రోజులు పట్టింది. ఆ ముద్ర కాయిల్ చుట్టుకి 64 సైకిళ్ళు ఇస్తోంది, 33లో 35.6 హెర్ట్జ్. సిగ్నల్ పీలగా ఉంది, పైగా పక్క కాయిల్స్ 4.44 దాని మీదెక్కి కూర్చుంది. తక్కువ హెర్ట్జ్‌ని ఆపే ఒక హై పాస్ ఫిల్టరు, ఆ తర్వాత అలని ఆన్-ఆఫ్ సిగ్నల్‌గా మార్చే కంపారేటరు పెట్టాక దారికొచ్చింది. క్రిస్టల్ ఉన్న బోర్డు మా అమ్మాయి డెస్క్ మీదిదే, అడిగి తీసుకున్నా.

పళ్ళెం అంచుని వేలితో తాకి వదిలితే ఇదివరకు నిమిషం పాటు ఊగేది. ఇప్పుడు ఒకటిన్నర ఊపుకే సద్దుమణుగుతోంది. యాప్‌లో 3150. తంబుర నిలబడింది.

ఈ పొద్దున ఇంకో ఎల్పీ పెడితే మళ్ళీ ఊపు. గుండె గుభేల్‌మంది. స్టాప్‌వాచ్ తీస్తే పదికి సరిగ్గా పద్దెనిమిది, ఆర్మ్ కూడా ఊగుతోంది. ఈసారి నిజంగా చిల్లే పక్కకి ఉంది. సన్నని గుండ్రటి ఆకురాయితో ఒక పక్క కాస్త రుద్దొచ్చా, లేక లేబుల్ చిరుగుతుందా? చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.