ఈ వారం సమస్య: ఎనిమిది విడువంగ నేకమయ్యె

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం. మిగతా మూడు పాదాలూ మీరే కల్పించి పద్యాన్ని పూరించాలి. పూరణలో ఏదైనా సంఖ్య గుణం కనబడాలి. తొమ్మిదిలోంచి ఎనిమిది తీసేస్తే ఒకటి అని ముగించేస్తే చాలదు.

కొత్తకలం:

ఒకటి మొదలు వరుస నొప్పుగా వ్రాయుచు
తొమ్మిది వరకేగి తొమ్మిదింట
హెచ్చవేసి చూడ నెల్ల తావులయందు
నెనిమిది విడువంగ నేకమయ్యె

12345679ని 9తో హెచ్చవేస్తే 111111111. అదే ఎనిమిదిని ఉంచి 123456789ని హెచ్చవేస్తే 1111111101 వస్తుంది, పదుల స్థానంలో సున్న అడ్డుపడుతుంది.

నిర్వాహకుడు: ఊహ చాలా బాగుంది, అభినందనలు. "వ్రాయుచు" ద్రుతాంతం (చివర నకారం చేరే పదం) కనుక "వ్రాయుచుఁ దొమ్మిది" అనాలి. త, దలకు మైత్రి ఉంది కాబట్టి యతికి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ కుదరాల్సిన పొత్తుకు) ఇబ్బంది లేదు. చిక్కంతా అన్వయం, అంటే ఏ మాట దేనితో కలుస్తుందన్న దాని దగ్గరే. అన్ని తావుల్లోనూ ఎనిమిదిని వదిలినట్టు వినిపిస్తోంది. "హెచ్చవేసి చూడ నెంత వింతో గదా / యెనిమిది" అంటే ఆ దోషం పోతుంది.

కొత్తకలం: సవరణకు ధన్యవాదాలండీ. 18తో హెచ్చవేస్తే అన్నీ రెండ్లు, 63తో అన్నీ ఏడ్లు వస్తాయి. వాటినీ పద్యంలో పెట్టాలనుకున్నాను, చోటు చాలలేదు.

గణితాభిమాని:

ఎనుబదొకటి తోడ నేకమున్ భాగింప
వరుస నంకె లెల్ల వచ్చునయ్య
యేడు తొమ్మిదియును నెడమేమి లేకుండ
నెనిమిది విడువంగ నేకమయ్యె

1ని 81తో భాగిస్తే 0.012345679012345679... అలా సాగుతూనే ఉంటుంది. కొత్తకలం గారి సంఖ్యే ఇక్కడా తిరిగి తిరిగి వస్తోంది.

ఛందోమిత్ర: ధార హాయిగా ఉంది. "ఏకమయ్యె"ను కలిసిపోవడం అనే అర్థంలో తీసుకోవడం నాకు బాగా నచ్చింది. కానీ అంకెలెల్ల వచ్చాయని చెప్పి, వెంటనే ఎనిమిది లేదంటే పొసగదు కదా ఆర్యా? "వరుస నంకె లిట్లు" అనవచ్చేమో చూడండి.

గణితాభిమాని: "ఎల్ల" కావాలనే వేశానండీ, ఎందుకంటే ఎనిమిది కూడా వస్తుంది. 1/81 అంటే 0.01 + 0.002 + 0.0003 + ... అలా కూడుకుంటూ పోవడమే. తొమ్మిది దాకా ఏ అంకె స్థానం దానిదే. తర్వాత వచ్చే పది ఒక్క స్థానంలో పట్టదు. అందులోని ఒకటి ఎడమకు జరిగి తొమ్మిదిని పది చేస్తుంది. అక్కడ సున్న నిలిచి, ఇంకో ఒకటి ఎడమకు పోయి ఎనిమిదిని తొమ్మిది చేస్తుంది. మనకు ఏడు పక్కన కనబడే తొమ్మిది అసలు ఎనిమిదే!

ఛందోమిత్ర: అయితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంత అందమైన కారణం గద్యంలోనే ఉండిపోయింది, పద్యంలోకి రావద్దా? ఎనిమిది విడిచింది తన రూపునే కదా!

గణితాభిమాని: నిజమేనండీ. మూడో పాదం మార్చాను.

ఎనుబదొకటి తోడ నేకమున్ భాగింప
వరుస నంకె లెల్ల వచ్చునయ్య
తనదు రూపు నచటఁ దాఁ దొమ్మిదై నిల్చి
యెనిమిది విడువంగ నేకమయ్యె

నిర్వాహకుడు: ఇప్పుడు సమస్యలోని విరోధం పూర్తిగా పరిహారమైంది. సంఖ్య చేసే వింతనే కాదు, ఆ వింత ఎందుకు జరుగుతోందో కూడా పద్యమే చెబుతోంది. ఈ వారానికి ఉత్తమ పూరణ ఇదే.