డాబా మీది వాన నీటిని నేరుగా బోరులోకి వదలవచ్చా?

ప్రశ్న:
హైదరాబాద్‌లో మాది 100 చదరపు మీటర్ల డాబా. ఎండాకాలంలో బోరు అరగంటకే ఆగిపోతోంది. వాన నీటిని పైపుతో కేసింగ్‌లోకే (బోరు గొట్టంలోకే) దించేస్తే సరిపోతుందా? ఇంకుడు గుంత తప్పదా?

జవాబు 1:
నేరుగా అస్సలు వద్దండీ. దుమ్ము, పావురాల రెట్ట వడపోత లేకుండా భూగర్భ జలంలో కలుస్తాయి. ఒండ్రు రాతి పగుళ్లలో చేరితే ఉన్న ఊటా మూసుకుపోతుంది.

బోరు పక్కన 2 మీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీయించండి. అడుగున 40 ఎం.ఎం. కంకర, దాని మీద 20 ఎం.ఎం., పైన దొడ్డు ఇసుక. ఇసుక కింద నైలాన్ మెష్ పరవకపోతే అది కంకరలోకి జారిపోతుంది. పైన అర మీటరు ఖాళీ ఉంచండి. 10 ఎం.ఎం. వాన పడితే మీ డాబా నుంచి దాదాపు 800 లీటర్లు వస్తాయి, జోరువానలో అవి ఇంకేదాకా నిలవాలి కదా. సెప్టిక్ ట్యాంకుకి మాత్రం వీలైనంత దూరంగా తవ్వించండి.

జవాబు 2:
డాబా నుంచి నీళ్లు దించే పైపుకి టీ (T ఆకారపు జాయింటు), గేటు వాల్వు పెట్టించండి. తొలి వాన మురికి, పది పదిహేను నిమిషాలు బయటికి వదిలేయాలి. చాలా గుంతలు రెండేళ్లకే పనిచేయకుండా పోయేది ఇసుక మీద బురద పేరుకునే. ఏటా మే నెలలో పై రెండంగుళాల ఇసుక గీకి, కడిగి మళ్లీ వేయండి.

ప్రశ్న అడిగినవారు:
బట్టలు ఉతికిన నీళ్లు కూడా అందులోకే మళ్లించవచ్చా?

జవాబు 1:
వద్దండీ, సబ్బు నీళ్లు ఇసుకతో ఆగవు. వాటిని బాత్‌రూమ్ ఫ్లష్‌కి వాడుకోండి.