దేశాల స్టాక్ మార్కెట్ల పరిమాణాన్ని పోల్చేటప్పుడు ఏ లెక్కను నమ్మాలి?

ప్రశ్న: తిరుపతి కామర్స్ మాస్టారు

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో కామర్స్ బోధిస్తున్నాను. ప్రపంచంలోని పెద్ద స్టాక్ మార్కెట్లను వరుసక్రమంలో పేర్చి, అందులో మన దేశం ఎన్నో స్థానంలో ఉందో రాసుకురమ్మని ఈ నెలలో మూడో సంవత్సరం విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించాను. ఒకరు నాలుగో స్థానమని రాశారు, మరొకరు ఐదో స్థానమని రాశారు. ఇంకొక అమ్మాయి అంతర్జాతీయ పట్టికలో మన స్టాక్ ఎక్స్ఛేంజీలు బీఎస్ఈ, ఎన్ఎస్ఈ రెండు వేర్వేరు వరుసల్లో కనిపించడంతో రెండింటినీ కూడి, మొత్తాన్ని పది లక్షల కోట్ల డాలర్లకు చేర్చి, జపాన్‌ను వెనక్కి నెట్టి మనకు మూడో స్థానం ఇచ్చింది. ఆమె కూడిక తప్పని వెంటనే చెప్పగలిగాను గానీ, మిగిలిన ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేల్చలేకపోయాను.

దానితోపాటు తరగతిలో వచ్చిన మరో ప్రశ్నకు కూడా నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. జర్మనీ ఆర్థిక వ్యవస్థ అంత పెద్దదై ఉండి కూడా దాని స్టాక్ మార్కెట్ మన మార్కెట్ కంటే చిన్నదిగా ఎందుకు ఉంది? ఒక నగరమంత ఉన్న హాంకాంగ్ మార్కెట్ మనతో పోటీ పడేంత పెద్దదెలా అయింది? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: చిత్తూరు ఆడిటర్

మాస్టారూ, మీ విద్యార్థులిద్దరూ సరిగ్గానే రాసి ఉండవచ్చు. వారు చూసిన తేదీలు వేరై ఉంటాయి, అంతే. 2024 జనవరి 22 నాటి బ్లూమ్‌బర్గ్ లెక్క ప్రకారం భారత మార్కెట్ విలువ 4.33 లక్షల కోట్ల డాలర్లు, హాంకాంగ్ విలువ 4.29 లక్షల కోట్ల డాలర్లు. పత్రికలన్నీ మనం నాలుగో స్థానానికి ఎక్కామని రాసినది అప్పుడే. రెండింటి మధ్య తేడా ఒక్క శాతం కూడా లేదు. అంటే ఏదో ఒక మార్కెట్ ఒక్క రోజు ఒక శాతం కదిలితే తారుమారయ్యే స్థానమది. అదే సంవత్సరంలో ఆ స్థానం చేతులు మారింది కూడా. అందువల్ల తేదీ రాయని ర్యాంకును నేనైతే పరీక్ష పేపరులో అంగీకరించను.

తేదీ తర్వాత చూడవలసినది కరెన్సీ. మార్కెట్ విలువ అంటే నమోదైన ప్రతి కంపెనీ షేరు ధరను ఆ కంపెనీ మొత్తం షేర్ల సంఖ్యతో హెచ్చించి, వచ్చిన విలువలన్నీ కూడగా తేలేది. ఈ లెక్క మన దగ్గర రూపాయల్లో పుడుతుంది. దేశాలతో పోల్చడానికి దాన్ని డాలర్లలోకి మార్చగానే రూపాయి ఒడిదుడుకులు కూడా అందులో కలుస్తాయి. మన మార్కెట్ 2007 మే నెలలో మొదటిసారి లక్ష కోట్ల డాలర్లకు చేరింది, 2024 మే 21న ఐదు లక్షల కోట్లు దాటింది. డాలర్ లెక్కలో ఇది ఐదింతలు. కానీ 2007లో డాలరు విలువ సుమారు 41 రూపాయలు, 2024లో సుమారు 83 రూపాయలు. కాబట్టి రూపాయల్లో చూస్తే దాదాపు 41 లక్షల కోట్ల నుంచి 415 లక్షల కోట్లకు, అంటే పదింతలకు పెరిగింది. చిత్తూరులో కూర్చుని మదుపు చేసినవాడికి కనిపించిన పెరుగుదల వేరు, న్యూయార్క్ నుంచి డాలర్లు తెచ్చి పెట్టినవాడికి కనిపించిన పెరుగుదల వేరు.

ఇక అసలు చిక్కు ఫ్రీ ఫ్లోట్ దగ్గర ఉంది. కంపెనీని స్థాపించి నడిపే ప్రమోటర్ల చేతిలోనూ ప్రభుత్వం చేతిలోనూ కదలకుండా ఉన్న షేర్లను కూడా లెక్కించాలా, లేక ఫ్రీ ఫ్లోట్‌ను, అంటే మార్కెట్లో చేతులు మారగల షేర్లనే లెక్కించాలా అన్నది ఇక్కడి ప్రశ్న. ఎల్ఐసీని చూడండి. 2022 మే నెలలో ప్రభుత్వం 3.5 శాతం వాటాను 949 రూపాయల ధరకు అమ్మింది. జనం పెట్టిన డబ్బు సుమారు 21 వేల కోట్ల రూపాయలు. కానీ అదే ధరకు మొత్తం షేర్లన్నింటినీ లెక్కకట్టడంతో మార్కెట్ పుస్తకాల్లోకి ఎక్కిన విలువ దాదాపు ఆరు లక్షల కోట్లు. సౌదీ అరామ్‌కో ఇంకా పెద్ద ఉదాహరణ. 2019 డిసెంబరులో కేవలం 1.5 శాతం వాటా అమ్మి 25.6 వందల కోట్ల డాలర్లు సమీకరిస్తే, సౌదీ మార్కెట్ పరిమాణానికి ఒక్కసారిగా 1.7 లక్షల కోట్ల డాలర్లు కలిశాయి. ప్రమోటర్ల వాటా ఎక్కువగా ఉండే మన దేశానికి కూడా ఈ తేడా గట్టిగానే తగులుతుంది. మొత్తం విలువ ప్రకారం ప్రపంచ మార్కెట్లలో మన వాటా నాలుగు శాతం దరిదాపుల్లో ఉంటే, ఎంఎస్‌సీఐ అనే సంస్థ ఫ్రీ ఫ్లోట్ ఆధారంగా కట్టే ప్రపంచ షేర్ల సూచీలో అది రెండు శాతం దగ్గరే ఉంటుంది.

జవాబు 2: శ్రీసిటీ ఉద్యోగి

ఆడిటర్ గారు చెప్పినదానికి నా కళ్లముందున్న సంగతి ఒకటి చేరుస్తాను. సత్యవేడు, వరదయ్యపాలెం వైపున్న మా పారిశ్రామిక వాడలో ఒక్క పూట తిరిగితే మాస్టారి రెండో ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది. ఇక్కడ ఇసుజు వాహనాలు తయారవుతాయి, కానీ ఆ కంపెనీ విలువ టోక్యో మార్కెట్ లెక్కలోకి వెళ్తుంది. క్యాడ్‌బరీ చాక్లెట్లు తయారుచేసే మాండలీజ్ విలువ అమెరికాలోని నాస్‌డాక్ లెక్కలోనిది. ఫాక్స్‌కాన్ మాతృసంస్థ తైవాన్‌లో నమోదై ఉంది. మన పిల్లలు మన నేలమీద చేసే పని లాభంగా మారిన తర్వాత మూడు పరదేశాల మార్కెట్ల పరిమాణాన్ని పెంచుతున్నదన్నమాట. అదే కరకంబాడిలో మొదలైన అమరరాజా విలువ మాత్రం ముంబైలో లెక్కకు వస్తుంది. స్టాక్ మార్కెట్ పరిమాణం చెప్పేది కంపెనీ ఎక్కడ నమోదైందన్న సంగతినే. ఫ్యాక్టరీ ఎక్కడుందో, లాభం ఎక్కడ పుట్టిందో అది చెప్పదు.

హాంకాంగ్ కథ కూడా ఇదే. అక్కడ నమోదైన పెద్ద కంపెనీల్లో చాలావరకు చైనా ప్రధాన భూభాగానివి. టెన్‌సెంట్ కార్యాలయం షెన్‌జెన్‌లో ఉంది, షేర్లు 2004 నుంచి హాంకాంగ్‌లో ఉన్నాయి. అందుకే అక్కడి మార్కెట్ విలువ ఆ ప్రాంత జీడీపీకి పదింతలు దాటిపోతుంది. దాన్ని హాంకాంగ్ ప్రజల సంపదగా చదివితే పొరపాటు.

జర్మనీ దీనికి తలకిందులు. అక్కడి పరిశ్రమలో పెద్ద భాగం కుటుంబాల చేతుల్లో, బ్యాంకు అప్పులమీద నడిచే మధ్యతరహా సంస్థలది. అవి మార్కెట్ గడప తొక్కవు. మన చిత్తూరు జిల్లాలో తోతాపురి కాయ కొని గుజ్జు తీసే ఫ్యాక్టరీలు కుటుంబ పెట్టుబడితో, బ్యాంకు రుణంతో సీజన్ గడుపుకుంటాయి కదా, ఆ పద్ధతినే చాలా పెద్ద ఎత్తున ఊహించుకోండి. బాష్ వంటి మహా సంస్థ కూడా జర్మనీలో నమోదు కాలేదు. విచిత్రమేమిటంటే దాని భారతీయ అనుబంధ సంస్థ మన మార్కెట్లో నమోదై ఉంది.

రెండుసార్లు లెక్కకు వచ్చేవి కూడా ఉన్నాయి. మా దగ్గరే ప్లాంటు ఉన్న కోల్గేట్ భారతీయ సంస్థ విలువ మొత్తం ముంబై లెక్కలో ఉంటుంది. అందులో 51 శాతం వాటా అమెరికా మాతృసంస్థది కాబట్టి ఆ భాగం న్యూయార్క్‌లోని షేరు ధరలో కూడా ఇమిడి ఉంటుంది. దేశాల విలువలన్నీ కూడి ప్రపంచ మొత్తం ఇంత అని చెప్పేవారు ఈ సంగతిని సాధారణంగా పట్టించుకోరు.

జవాబు 3: విశ్రాంత బ్యాంకు అధికారి

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తున్నాను. అయితే తరగతిలో ర్యాంకులు చెప్పేటప్పుడు పాత పట్టికను కూడా పక్కన పెట్టమని నా మనవి. 1900లో ప్రపంచంలో అతి పెద్ద మార్కెట్ బ్రిటన్‌ది, మొత్తం విలువలో దాదాపు నాలుగో వంతు. అప్పట్లో లెక్కకు వచ్చిన రష్యా మార్కెట్ 1917 విప్లవంతో మదుపరులకు సున్నా అయింది. 1989 చివరికి జపాన్ ఒక్కటే ప్రపంచ మార్కెట్ విలువలో సుమారు నలభై శాతం దగ్గర నిలిచి అమెరికాను దాటింది. అక్కడి కంపెనీలు, బ్యాంకులు ఒకదాని షేర్లు ఒకటి పట్టుకుని ఉండటం వల్ల ఒకే సంపద పలుచోట్ల లెక్కకు వచ్చి ఆ వాటా మరింత ఉబ్బి కనిపించింది. ఆ డిసెంబరు 29న 38,915 దగ్గర ముగిసిన జపాన్ షేర్ల సూచీ నిక్కీ మళ్లీ ఆ స్థాయిని దాటింది 2024 ఫిబ్రవరి 22న. నేను ఉద్యోగంలో ఉండగా జపాన్ విధానమే ఆదర్శమని మాకు శిక్షణ తరగతుల్లో చెప్పేవారు!

ఇప్పుడు అమెరికా వాటా దాదాపు సగం, ప్రపంచ జీడీపీలో మాత్రం దాని వాటా నాలుగో వంతు. అందులోనూ కొద్ది కంపెనీలదే పెద్ద బరువు. 2025 అక్టోబరులో చిప్‌ల కంపెనీ ఎన్విడియా ఒక్కటే ఐదు లక్షల కోట్ల డాలర్లకు చేరింది, అంటే మన మార్కెట్ మొత్తానికి దగ్గరగా వచ్చింది. కనుక మార్కెట్ విలువను జీడీపీతో భాగించి చూపే నిష్పత్తిని పరిమాణం పక్కనే మరో వరుసగా రాయించండి. 2001లో అమెరికా మదుపరి వారెన్ బఫెట్ ప్రస్తావించిన తర్వాత ఆయన పేరుమీదనే అది ప్రచారంలోకి వచ్చింది. అయితే హాంకాంగ్ వంటి చోట్ల ఆ నిష్పత్తికీ అర్థం ఉండదని శ్రీసిటీ మిత్రుడు చెప్పినదాన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

తిరుపతి కామర్స్ మాస్టారు

ముగ్గురికీ ధన్యవాదాలు. విద్యార్థులందరూ ఒకే తేదీ తీసుకుని, కరెన్సీ మారకపు విలువను, మొత్తం విలువా ఫ్రీ ఫ్లోటా అన్నదాన్ని తప్పనిసరిగా రాసేలా మళ్లీ చేయిస్తాను. ఒక్క సందేహం మిగిలింది. అమెరికాకు న్యూయార్క్ ఎక్స్ఛేంజ్, నాస్‌డాక్ రెండింటినీ, చైనాకు షాంఘై, షెన్‌జెన్ రెండింటినీ కూడుతున్నాము కదా, మనకు మాత్రం బీఎస్ఈ, ఎన్ఎస్ఈ ఎందుకు కూడకూడదని ఆ అమ్మాయి మళ్లీ అడిగితే ఏమి చెప్పాలి?

చిత్తూరు ఆడిటర్

అడగవలసిన ప్రశ్నే అడిగింది, మెచ్చుకోండి. న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన కంపెనీ సాధారణంగా నాస్‌డాక్‌లో నమోదు కాదు. షాంఘై, షెన్‌జెన్ కంపెనీలు కూడా వేర్వేరు. అందుకే అక్కడ కూడిక సరిపోతుంది. మన దగ్గర ఎన్ఎస్ఈలో ఉన్న కంపెనీల్లో దాదాపు అన్నీ బీఎస్ఈలో కూడా ఉంటాయి. అమరరాజా షేరును ఉదయం ఒక ఎక్స్ఛేంజ్‌లో కొని మరో రోజు రెండోదానిలో అమ్మవచ్చు, కానీ కంపెనీ ఒక్కటే, షేర్లూ అవే. ప్రపంచ ఎక్స్ఛేంజీల సమాఖ్య పట్టిక ఎక్స్ఛేంజీలవారీగా తయారవుతుంది కనుక రెండు పేర్లూ అందులో ఉంటాయి. దేశం లెక్కకు ఎక్కువ కంపెనీలు నమోదైన బీఎస్ఈ వరుసను ఒక్కదాన్నే తీసుకోమనండి.