స్కిట్లు, పాటలు, మైకులు: శుక్రవారంలోగా తేల్చాల్సినవి

కల్చరల్ టీమ్:
అందరికీ నమస్కారం. మన తెలుగువాళ్ల కార్యక్రమానికి నిన్న జరిగిన రిహార్సల్ చూశాక ఇది రాయక తప్పట్లేదు. మూడు స్కిట్లలో రెండింట్లో బూతులున్నాయి. ముందు వరసలో పిల్లలుంటారు, వాళ్ల వెనకే అమ్మమ్మలూ తాతయ్యలూ. స్క్రిప్టులూ పాటల ట్రాకులూ శుక్రవారం రాత్రిలోగా పంపండి. డాన్స్ టీమ్‌లు పల్లవితో ఆపకుండా పాట మొత్తం వినండి. సినిమాలో సెన్సార్ మ్యూట్ చేయించిన మాట ఆడియోలో ఉండిపోవచ్చు.

స్కిట్ టీమ్:
అక్కా, మా దాంట్లో బూతెక్కడుంది? 'వెధవ', 'ముండ' అన్నాం, అంతేగా. మా ఇంట్లో రోజూ వినేవే. అవి తీసేస్తే నవ్వే రాదు.

కల్చరల్ టీమ్:
తమ్ముడూ, 'వెధవ' వచ్చింది 'విధవ' నుంచి. రెండోదీ భర్త పోయిన ఆడవాళ్లకి అంటగట్టిన పేరే. 1881లో కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించారు. అప్పట్నుంచి ఎంత మారినా తిట్టు మాత్రం మన నోట్లోనే ఉంది. హాల్లో భర్త పోయిన అమ్మలూ కూర్చుంటారు. 'వెధవ' గురించి నేను పెద్దగా పట్టుబట్టను గానీ, రెండోది తీసెయ్. కులం పేరుతో తిట్లు, నత్తినీ కుంటినీ చూపించి నవ్వించడం మాత్రం ఎవరి స్క్రిప్టులోనూ కుదరదు.

యూత్ టీమ్:
పెద్దవాళ్లకి కూడా ఒక మాట. ఇక్కడ, విదేశంలో పుట్టిన మాకు తెలుగు బూతులకి అర్థాలు సగం తెలీవు, రీల్స్‌లో విన్నది అనేస్తాం. మీరేమో ఇంగ్లిష్ బూతుని ఊతపదంలా వాడతారు. మీకది తర్వాత నేర్చుకున్న భాష, అందుకే చురుక్కుమనదు. మాకు చాలా గట్టిగా వినిపిస్తుంది. నిన్న కుర్చీలు సర్దేటప్పుడు లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు!

సౌండ్:
కాలర్ మైక్ పెట్టుకున్నవాళ్లు తెర వెనక్కి రాగానే అది ఆగిపోయిందనుకోవద్దు. పోయినసారి ఒకాయన డైలాగ్ మర్చిపోయి, లోపలికొచ్చి తనని తానే తిట్టుకున్నారు. హాలంతా విన్నది, లైవ్‌లోనూ వెళ్లింది. పాపం, ఆయన తప్పేం లేదు, ఫేడర్ (మైక్ సౌండ్ తగ్గించే మీట) దించనిది నేను. ఈసారి ఎవరు ఎప్పుడొస్తారో, ఎప్పుడెళ్తారో స్క్రిప్టులో గుర్తు పెట్టి ఇవ్వండి, నేనే ఆపేస్తాను.

స్కిట్ టీమ్:
సరే అక్కా, మార్చాం. 'నీ దుంపతెగ', 'నీ అసాధ్యం కూలా' పెట్టి చదివి చూశాం, బాగానే పేలాయి. అప్పు ఎగ్గొట్టినవాడు దొరికినప్పుడు మా హీరో పళ్లు కొరుకుతూ, 'నీ ఇల్లు బంగారంగానూ!' అంటాడు. పాత డైలాగుకి ఇంతమంది నవ్వలేదు, ఒప్పుకుంటున్నా. కాకపోతే మా చిన్నోడు 'దుంప అంటే ఆలూనా?' అని అడిగాడు. వాడి ప్రశ్న కూడా స్కిట్‌లో పెట్టేశాం. సౌండ్ అన్నా, గుర్తులు పెట్టిన కాపీ రేపు పొద్దున్నే పంపుతాను.