నవ్వని పాత్రలు, నవ్వించే దర్శకులు: తేడా ఎలా చెప్పాలి?

తిరుపతి భవానీ నగర్‌లో ఉంటాను. నెలకోసారి మా మేడమీద తెల్ల దుప్పటి కట్టి ఏడెనిమిది మందిమి సినిమా చూస్తాం. ఈసారి అమెరికా దర్శకుడు జిమ్ జార్ముష్, ఫిన్లాండ్ దర్శకుడు అకీ కౌరిస్మాకీల హాస్యాన్ని పోల్చి మాట్లాడే పని నా నెత్తిన పడింది. ఇద్దరి పాత్రలూ నవ్వవు, మనమే నవ్వుతాం. అంతకు మించి మాట తోచడం లేదు.

1984 నాటి ‘స్ట్రేంజర్ దాన్ ప్యారడైజ్’లో జార్ముష్ ఒక్కో సన్నివేశాన్ని ఒకే షాట్‌లో తీసి, మధ్యలో తెరను నల్లగా వదిలేస్తాడు. మావాళ్లు ఆ చీకట్లోనే నవ్వారు (ఒకాయన మాత్రం కరెంటు పోయిందనుకుని లేచాడు). కౌరిస్మాకీ 2023లో తీసిన ‘ఫాలెన్ లీవ్స్’లో నాయిక ఫోన్ నంబరు రాసిచ్చిన కాగితం నాయకుడి జేబులోంచి జారిపోతుంది. తర్వాత అతడు థియేటరు బయట ఎంతసేపు ఎదురుచూశాడో కింద పడివున్న సిగరెట్ పీకలే చెబుతాయి. నవ్వొస్తుంది, గొంతూ పట్టేస్తుంది. జార్ముష్ దగ్గర నాకలా కాలేదు. తమాషా ఏమిటంటే, ఆ జంట కలిసి చూసేది జార్ముష్ సినిమానే!

ఈ తేడా ఎక్కడిది? షాట్ నిడివిదా, కష్టజీవులను చూసే చూపుదా? ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసిన వెంకటేష్ మహాను వీరిలో ఎవరి పక్కన కూర్చోబెట్టవచ్చు? అక్కడి మనుషులు గలగలా మాట్లాడతారు కనుక పోలిక కుదరదేమోనని నా అనుమానం. ఏదైనా ఒక్క సన్నివేశం పట్టుకుని వివరించినా చాలు. ఆదివారం సాయంత్రమే మా ప్రదర్శన.