వెంటిలేటర్ గురించి నాన్నగారిని ఎలా అడగాలి?

నమస్కారం. మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో దశ. మనిషి మాత్రం చురుకే. టీవీలో వార్తలు వినపడడం లేదని ఆక్సిజన్ యంత్రాన్నే కట్టేయమంటారు! పరిస్థితి విషమిస్తే వెంటిలేటర్ పెట్టించాలా వద్దా అన్నది ఆయనే తేల్చాలని నా పట్టు. "అడిగితే ఉన్న ధైర్యం కూడా పోతుంది" అని బాబాయి అడ్డుపడుతున్నారు.

2010లో వెలువడిన అమెరికా అధ్యయనం ఒకటి చూపించాను. అందులో 151 మంది ఇదే జబ్బు ఉన్నవారు. మొదటి నుంచీ ఉపశమన చికిత్స (బాధలు తగ్గిస్తూ, రోగి ఏం కోరుకుంటున్నారో కూడా మాట్లాడే వైద్యం) కూడా అందినవారు తక్కువ దిగులుతో గడిపారు, సగటున ఎక్కువ కాలమే బతికారు. "అది అమెరికా" అని బాబాయి కొట్టిపారేశారు.

సుప్రీంకోర్టు 2018లో అనుమతించిన ముందస్తు వైద్య నిర్దేశాన్ని (మనం చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసి ఉంచే పత్రం, లివింగ్ విల్) 2023లో సులభతరం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ ఎవరైనా దీన్ని తెలుగులో రాయించారా? ఐసీయూలో వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకున్నారా? అసలు ఇంట్లో ఆ మాట ఎవరు, ఎలా ఎత్తారు? బాబాయిలాంటి పెద్దలను ఎలా ఒప్పించారు?

మూలికలు, పసరు మందుల సలహాలు మాత్రం దయచేసి వద్దు. అవి బంధువుల నుంచి కావలసినన్ని వస్తున్నాయి.