లైంగిక సమస్యలకు వైద్యం చేసే అర్హత ఎవరికి ఉంది?

ప్రశ్న (పాలకొల్లు)

అందరికీ నమస్కారం. మా బాబాయిగారి అబ్బాయికి పెళ్లయి ఏడాది కావస్తోంది. అంగస్తంభన సమస్యను ఇంట్లో చెప్పుకోలేక, బస్టాండు గోడ మీద పోస్టరు చూసి, లాడ్జిలో మకాం వేసే ఒక ‘స్పెషలిస్టు’ దగ్గరకు వెళ్లాడు. ఆయన బీపీ కూడా చూడకుండా, చిన్నప్పటి అలవాట్ల వల్ల నరాలు దెబ్బతిన్నాయని భయపెట్టి, పేరూ ఊరూ లేని పొడి పొట్లాలు ఇచ్చి రూ. 30,000 తీసుకున్నాడు. ఈసారి భార్యను ఒంటరిగా పంపమన్నాడట. అప్పుడు గానీ తమ్ముడు నా దగ్గర నోరు విప్పలేదు. ఈ రంగంలో అసలు అర్హత ఏమిటి, దాన్ని ఎలా సరిచూసుకోవాలి, వైద్యుడు ఎంతవరకు అడగవచ్చు? దయచేసి తెలియజేయండి.

సమాధానం (మానసిక వైద్యురాలు, కాకినాడ)

ముందు ఆ పొడి వాడకం ఆపించండి, కానీ ఒక పొట్లం దాచి ఉంచండి. మూలికల పేరుతో అమ్మే ఇటువంటి మందుల్లో సిల్డెనాఫిల్ (అంగస్తంభనకు వాడే అల్లోపతి మందు) కలిపిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు అది తెలియక మింగితే రక్తపోటు ప్రాణం మీదకు వచ్చేంతగా పడిపోతుంది. అంగస్తంభన లోపం ఒక్కోసారి మధుమేహానికో, రక్తనాళాల జబ్బుకో తొలి సూచన కూడా కావచ్చు కనుక, షుగరు, బీపీ చూడకుండా మందు ఇవ్వడాన్ని వైద్యం అనడానికి నాకు మనసొప్పదు.

అర్హత విషయానికి వస్తే, ఈ సమస్యలను మానసిక వైద్యులు, యూరాలజిస్టులు, చర్మ, సుఖవ్యాధుల నిపుణులు, స్త్రీలకైతే గైనకాలజిస్టులు చూస్తారు. కౌన్సెలింగ్ చేసే క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. వైద్యుల ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, రాసిచ్చే చీటీ మీదా చూపాలి. ప్రత్యేక అర్హత లేనివారు స్పెషలిస్టునని చెప్పుకోకూడదు. ఆ నంబరును రాష్ట్ర వైద్య మండలి వద్ద సరిచూసుకోవచ్చు.

భార్యను పిలవడం తప్పని అనుకోవద్దు, మేమూ పిలుస్తాం. అయితే భర్త అనుమతితో, ఆమె ఇష్టపడితేనే, ఎందుకు పిలుస్తున్నామో ముందే చెప్పి మాట్లాడతాం. శరీర పరీక్ష అవసరమైతే నర్సు పక్కన ఉంటుంది. రోగితో అనుచిత సంబంధం పెట్టుకోవడం అవే నిబంధనల కింద దుష్ప్రవర్తన. స్వలింగ ఆకర్షణను ‘మార్చేస్తాం’ అనే చికిత్సను కూడా జాతీయ వైద్య కమిషన్ 2022లో దుష్ప్రవర్తనగా ప్రకటించింది. మన ప్రాంతంలో తల్లిదండ్రులు నేటికీ దానికోసం పిల్లలను తీసుకొస్తున్నారు కాబట్టి చెబుతున్నాను.

సమాధానం (ఆయుర్వేద వైద్యుడు, అమలాపురం)

ఆయుర్వేదంలోని ఎనిమిది విభాగాలలో వాజీకరణం, అంటే లైంగిక సామర్థ్యానికి సంబంధించిన వైద్యం, ఒకటి, అందుచేత బి.ఎ.ఎం.ఎస్. చదివి రిజిస్టరైన వైద్యుడు ఈ సమస్యలను చూడటం సక్రమమే. ఆయన తన రోగికి తానే మందు కలిపి ఇచ్చినా, అందులో ఏమున్నదో అడిగితే చెప్పగలగాలి. పోస్టర్ల మీద ఆయుర్వేదం పేరు వాడుకునే వారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

సమాధానం (న్యాయవాది, భీమవరం)

లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులకు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం కింద నేరం; మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, జరిమానా ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు గానీ, రూ. 5 లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. పోస్టరు ఫొటో, డబ్బు చెల్లించిన రసీదు, ఆ పొట్లంతో జిల్లా వైద్య ఆరోగ్య అధికారికీ (డీఎంహెచ్‌ఓ), డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రికి వెళితే ఊళ్లో తెలిసిపోతుందని తమ్ముడు వెనకాడుతున్నాడు.

సమాధానం (మానసిక వైద్యురాలు, కాకినాడ)

రోగి చెప్పిన విషయాన్ని గోప్యంగా ఉంచడం మా బాధ్యత. మానసిక చికిత్సకు సంబంధించి 2017 నాటి చట్టమే ఆ హక్కు ఇచ్చింది. ముందు ఫోన్‌లో మాట్లాడతానంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు చేయమనండి. అక్కడ తెలుగులోనే చెప్పుకోవచ్చు. షుగరు పరీక్ష మాత్రం ఈ వారంలోనే చేయించండి.